ఉన్నను కనబడని మెమరీ

ముప్పదిరెండు బిట్ల విండోస్ ఇంటింట వాడుకలో నున్న కాలమున కంప్యూటరు కొన్నవారిలో పెక్కుమందికి ఎదురైన చిక్కొకటి కలదు. దుకాణములో నాలుగు గిగాబైట్ల ర్యామునకు వెల చెల్లించి, స్టిక్కులను తమ కన్నుల యెదుటనే యంత్రమున బిగింపించుకొని, ఇంటికి వచ్చి 'మై కంప్యూటర్'పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరచి చూచినచో, అందు 3.25 గిగాబైట్లు మాత్రమే కానవచ్చెడివి. పెద్ద గ్రాఫిక్స్ కార్డు గల యంత్రములలో మూడింటికిని లోబడియే యుండెడివి. దుకాణదారు మోసగించెనని తగవుపడినవారు కలరు. స్టిక్కు చెడినదని మార్పించుకొన్నవారు కలరు. మార్పించుకొన్నను ఆ యంకె మారకపోవుటచే విసిగి విడిచినవారును కలరు. నిజమునకు అచ్చట మోసమును లేదు, స్టిక్కునందు దోషమును లేదు. వెల యిచ్చిన మెమరీ యంతయు యంత్రమునందే యుండి, విద్యుత్తును గ్రహించుచు, ప్రతిక్షణము సిద్ధముగానే యుండెను. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రము దానిలో కొంత భాగమును తాకకుండెను. తాకకుండుటకు చేతకాకపోవుట యొక కారణము, చేయరాదన్న కట్టుబాటు మరియొక కారణము. ఈ రెంటికిని గల భేదమును గ్రహించినచో, ఆ మిగిలిన మెమరీని వినియోగించుకొనుటకు నేర్పరులు కనిపెట్టిన ఉపాయములును, వాని వలని మేలును, ప్రమాదమును సులభముగా బోధపడును.

మెమరీ యనునది అసంఖ్యాకములైన అరల వరుస. ఒక్కొక్క అరలో ఒక్కొక్క బైటు ఇముడును. ప్రతి అరకును ఒక సంఖ్య గలదు. దానినే అడ్రసు అందురు. ప్రాసెసరు తనకు కావలసిన అర యేదియో తెలుపుటకు ఆ సంఖ్యను కొన్ని తీగల మీద ప్రకటించును. ప్రతి తీగకును రెండే స్థితులు: విద్యుత్తు ఉండుట, లేకుండుట. కావున ఒక తీగతో రెండు అరలను, రెండు తీగలతో నాలుగింటిని, పది తీగలతో 1,024 అరలను మాత్రమే వేరుపరచి చెప్పగలము. ఒక ఊరిలో ఇంటి నంబరు పలకలను మూడంకెలకు సరిపోవునట్లే చేయించినచో, 999వ ఇంటికి తరువాత కట్టిన ఇండ్లు ఎంత విశాలమైనవైనను, వానిలో నెందరు కాపురమున్నను, తపాలా బంట్రోతు వారికి ఉత్తరము అందింపజాలడు. మెమరీ విషయమునను పరిమితి యన్నది అరలు లేకపోవుటచే గాక, చాలసార్లు అరలకు పెట్టుటకు సంఖ్యలు చాలకపోవుటచే ఏర్పడుచున్నది.

1978లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 8086 ప్రాసెసరునకు అడ్రసు తీగలు ఇరువది. వానితో చెప్పదగిన అడ్రసులు 10,48,576. అనగా ఒక్క మెగాబైటు. దాని తోబుట్టువగు 8088 ప్రాసెసరుతో ఐ.బి.ఎమ్. సంస్థ 1981 ఆగస్టులో పర్సనల్ కంప్యూటరును విపణికి తెచ్చినపుడు, ఆ మెగాబైటులో క్రింది 640 కిలోబైట్లను ప్రోగ్రాములకును, మీది 384 కిలోబైట్లను తెరపై బొమ్మను నిలుపు వీడియో మెమరీకిని, బయోస్ మున్నగు స్థిరమైన ప్రోగ్రాములకును కేటాయించెను. ఆ యంత్రము 16 కిలోబైట్ల మెమరీతో సైతము అమ్ముడుపోయినది. 64 కిలోబైట్లు ఉన్నవారు సంపన్నులు. దానికి పదిరెట్లను ప్రోగ్రాములకు వదలిన ఆ విభజన అప్పటికి ఉదారమైనదే యని ఒప్పుకొనవలెను.

కాని 1983 జనవరిలో లోటస్ 1-2-3 అను లెక్కల పట్టికల ప్రోగ్రాము వచ్చినది. వ్యాపార సంస్థలలో జమాఖర్చులు చూచువారు ఏడాది లెక్కలన్నిటిని ఒకే పట్టికలో ఎక్కింపజొచ్చిరి. పట్టిక పెరిగి పెరిగి 640 కిలోబైట్ల గోడకు తగిలి, మెమరీ నిండినదన్న సందేశముతో నిలిచిపోవుచుండెను. లోటస్ సంస్థవారు, ఇంటెల్ వారు, మైక్రోసాఫ్ట్ వారు కలిసి 1985లో ఒక నియమావళిని ప్రకటించిరి. మూడు పేర్ల తొలి యక్షరములను చేర్చి దానిని లిమ్ అనిరి. ఆ పద్ధతిలో లభించు మెమరీకి ఎక్స్‌పాండెడ్ మెమరీ యని పేరు. మీది 384 కిలోబైట్లలో ఎవ్వరును వాడని 64 కిలోబైట్ల స్థలమును వెదకి, దానిని 16 కిలోబైట్ల చొప్పున నాలుగు పుటలుగా విభజించి, ఆ నాలుగు పుటలను కిటికీగా నేర్పరచిరి. వేరొక కార్డుమీద మెగాబైట్ల కొలది మెమరీని అమర్చి, ప్రోగ్రాము కోరినపుడు ఆ రాశిలో నుండి కోరిన పుట కిటికీలో ప్రత్యక్షమగునట్లు చేసిరి. ప్రాసెసరు ఎప్పటి అడ్రసునే పలుకును. దాని వెనుక నున్న అరలు మాత్రము మారిపోవును. 1987లో వచ్చిన నాలుగవ సంచిక ఈ మార్గమున 32 మెగాబైట్ల వరకు అనుమతించినది. ఇంటెల్ వారు 'ఎబోవ్ బోర్డ్' అను పేర ఇట్టి కార్డులను విక్రయించిరి. అడ్రసులను పెంచకయే, ప్రాసెసరును మార్చకయే, ఆపరేటింగ్ సిస్టమునకు తెలియనవసరము లేకయే సాధించిన ఈ ఉపాయము ఆ దశాబ్దపు ఇంజనీరింగులో మిక్కిలి సొగసైన వానిలో నొకటియని నా అభిప్రాయము. కొద్దిపాటి కిటికీ క్రింద, పెద్ద కోశము పైన, ఈ రెంటి నడుమ రాకపోకలు: ఈ రూపమును పాఠకులు మనసున నుంచుకొందురుగాక, ఏలయనగా ఇరువది సంవత్సరముల తరువాతను ఇదే తిరిగి కానవచ్చును.

1982లో వచ్చిన 80286 ప్రాసెసరునకు అడ్రసు తీగలు ఇరువదినాలుగు. పదునారు మెగాబైట్లను అది చేరగలదు. 1984 ఆగస్టున ఐ.బి.ఎమ్. వారు దానిని తమ పి.సి. ఏ.టి. యంత్రమునందు ప్రవేశపెట్టిరి. అయినను మెగాబైటుకు పైనున్న మెమరీని పూర్తిగా చేరవలెనన్నచో ప్రాసెసరు ప్రొటెక్టెడ్ మోడ్ అను కొత్త స్థితిలోనికి పోవలెను. డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ పాతదగు రియల్ మోడ్ నందే నడచునట్టిది. పైగా 80286 ఒకసారి ప్రొటెక్టెడ్ మోడ్ లోనికి పోయిన పిదప, రీసెట్ చేసిననే తప్ప వెనుకకు రాజాలదు. ఆ రీసెట్ చేయు పనిని ఐ.బి.ఎమ్. ఇంజనీర్లు, నమ్మశక్యము కాకున్నను, కీబోర్డును చూచుకొను చిన్న కంట్రోలరునకు అప్పగించిరి.

ఆ కంట్రోలరునకు అప్పగింపబడిన రెండవ పని మరింత విచిత్రమైనది. రియల్ మోడ్‌లో అడ్రసును సెగ్మెంటు, ఆఫ్‌సెట్ అను రెండు సంఖ్యల కూడికచే చెప్పుదురు. రెంటిని గరిష్ఠముగా గ్రహించినచో మొత్తము ఒక మెగాబైటును 65,520 బైట్ల మేరకు మించును. పాత 8086నకు ఇరువది తీగలే గావున, మించిన అంకె రాలిపోయి, అడ్రసు మరల సున్న దగ్గరకు చుట్టి వచ్చెడిది. కొన్ని ప్రోగ్రాములు ఈ చుట్టివచ్చుటనే నమ్ముకొని వ్రాయబడెను. కొత్త ప్రాసెసరునకు ఇరువదియొకటవ తీగ యుండుటచే అడ్రసు చుట్టి రాక, మెగాబైటుకు పైనున్న నిజమైన మెమరీని తాకును; అప్పుడా పాత ప్రోగ్రాములు తప్పుదారి పట్టును. వానిని కాపాడుటకై ఐ.బి.ఎమ్. వారు ఏ20 అని పిలువబడు ఆ తీగపై ఒక ద్వారమును నిర్మించి, దాని తాళమును కీబోర్డు కంట్రోలరులో వాడక మిగిలిన ఒక పిన్నునకు కట్టిరి. ద్వారము మూసియున్నంత కాలము కొత్త యంత్రము పాతదానివలెనే నడచును. కొంతకాలమునకు తెలిసినదేమనగా, ఆ ద్వారమును కోరి తెరచినచో, ప్రొటెక్టెడ్ మోడ్ జోలికి పోకయే, మెగాబైటుకు పైని 65,520 బైట్లు డాస్‌నకే చేజిక్కును! దానికి హై మెమరీ ఏరియా యని పేరు పెట్టిరి. 1988లో ఎక్స్.ఎమ్.ఎస్. అను నియమావళి దాని వాడుకను క్రమబద్ధము చేసెను, హైమెమ్.సిస్ అను డ్రైవరు (ఆపరేటింగ్ సిస్టమునకు తోడుగా యంత్రభాగములను నడపు చిన్న ప్రోగ్రాము) ద్వారపాలక కృత్యమును వహించెను. 1991లో వచ్చిన ఎమ్.ఎస్.-డాస్ 5.0 తనలో చాల భాగమును ఆ చోటికే తరలించుకొని క్రింది 640 కిలోబైట్లలో ప్రోగ్రాములకు చోటు విడిచెను. పాత ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను నిలుపుటకై పెట్టిన అడ్డే, తెరచినపుడు పరిమితిని దాటు మార్గమైనది.

ఆ మధ్యకాలమున మరియొక సంగతి జరిగినది. 1984లోనే పి.సి. డాస్ 3.0తో విడిస్క్ అను చిన్న డ్రైవరు వచ్చినది. అది మెగాబైటుకు పైనున్న మెమరీని తీసికొని, డాస్‌నకు దానిని మెమరీగా గాక ఒక డిస్కుగా చూపును. డాస్‌నకు డిస్కులను చదువుట, వ్రాయుట బాగుగా తెలియును. డిస్కు ఎంత పెద్దదైనను అందలి ప్రతి బైటునకు మెమరీ అడ్రసు అక్కరలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ పైకి పోలేనిచోట, పైనున్న దానినే దానికి అర్థమగు రూపమున క్రిందికి తెచ్చుట! ర్యామ్ డిస్కు అను మాటకు ఇదియే తాత్పర్యము.

1985లో 80386 వచ్చెను. ముప్పదిరెండు తీగలు, 4,29,49,67,296 అడ్రసులు, అనగా నాలుగు గిగాబైట్లు. పాత మెగాబైటునకు 4,096 రెట్లు. ఇది చాలకాలము చాలినది. కాని 1981 నాటి విభజన యిచ్చటను తప్పలేదు. ప్రాసెసరు గ్రాఫిక్స్ కార్డుతోను, నెట్‌వర్కు కార్డుతోను, బయోస్ చిప్పుతోను మాటలాడునదియు అడ్రసుల ద్వారానే గనుక, నాలుగు గిగాబైట్ల శిఖరభాగమున కొన్ని వందల మెగాబైట్ల అడ్రసులను వానికి కేటాయింపవలసి వచ్చెను. యంత్రమున రెండు గిగాబైట్ల ర్యామ్ ఉన్నంత కాలము ఈ కేటాయింపు ఎవ్వరికిని బాధ కలిగించలేదు. నాలుగు గిగాబైట్లు బిగించిననాడు శిఖరమున నున్న ర్యామ్ అరలకు సంఖ్యలు మిగులలేదు. మొదట చెప్పిన 3.25 అను అంకె యిట్లు పుట్టినది. కార్డులు పెద్దవైనకొలది అది తగ్గుచు వచ్చినది.

సంఖ్యలు మిగులని ఆ ర్యామునకు నాలుగు గిగాబైట్లకు పైని కొత్త సంఖ్యలు ఇచ్చుట మదర్‌బోర్డు మీది చిప్‌సెట్ పని. దీనినే మెమరీ రీమ్యాపింగ్ అందురు. ఇంటెల్ 945 చిప్‌సెట్ నాలుగు గిగాబైట్లకు పైని అడ్రసుల నెరుగదు గావున ఆ బోర్డులపై పోయిన మెమరీ పోయినదే. ఏ సాఫ్ట్‌వేరును దానిని తిరిగి తేలేదు. 2006లో వచ్చిన 965 మొదలైనవి రీమ్యాపింగ్ చేయగలవు. అయితే అనేక బోర్డులలో బయోస్‌లోని ఒక ఐచ్ఛికమును తెరచిననే అది జరుగును.

ప్రాసెసరు మాట వేరు. 1995 నవంబరులో వచ్చిన పెంటియం ప్రో నాటికే ఇంటెల్ వారు అడ్రసు తీగలను ముప్పదియారునకు పెంచి, అరువదినాలుగు గిగాబైట్లకు దారి చూపిరి. ప్రోగ్రాము పలుకు అడ్రసు ముప్పదిరెండు బిట్లదే. కాని అది నేరుగా మెమరీకి పోక, పేజీ పట్టికల ద్వారా భౌతికమైన అడ్రసుగా మారును. ఆ పట్టికలలో ఒక్కొక్క పద్దు పూర్వము నాలుగు బైట్లు; దానిని ఎనిమిది బైట్లకు విస్తరించుటచే పెద్ద భౌతిక అడ్రసులకు చోటు దొరకినది. ఈ పద్ధతి పేరు పి.ఏ.ఇ. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 2001 జనవరి నాటి 2.4 కెర్నెలుతో, అనగా తన మూలభాగముతో, దీనిని స్వీకరించి అరువదినాలుగు గిగాబైట్ల వరకు పోయినది. మైక్రోసాఫ్ట్ వారును విండోస్ 2000లో అడ్వాన్స్‌డ్ సర్వరునకు ఎనిమిది, డేటాసెంటర్ సర్వరునకు ముప్పదిరెండు గిగాబైట్లను అనుమతించిరి. అవియు ముప్పదిరెండు బిట్ల ఆపరేటింగ్ సిస్టములే యనుట గమనింపదగినది. ముప్పదిరెండు బిట్లన్నచో నాలుగు గిగాబైట్లే గతియని లోకమున వ్యాపించిన మాట సంపూర్ణ సత్యము కాదు.

మరి గృహస్థుల విండోస్‌లో ఆ గోడ యేల నిలిచినది? 2004లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. రెండవ సర్వీస్ ప్యాక్‌లో, వైరస్‌లు డేటా పేజీలనుండి నడువకుండ నిరోధించు ఒక రక్షణను ప్రవేశపెట్టిరి. ఆ నిషేధచిహ్నమునకు చోటు పి.ఏ.ఇ. పట్టికల ఎనిమిది బైట్ల పద్దులోనే కలదు. కనుక ఆ రక్షణ కొరకు ఆధునిక యంత్రములలో పి.ఏ.ఇ. తనంతట తానే అమలులోనికి వచ్చెను. పైయంతస్తునకు మెట్లు కట్టబడినవి. కాని నాలుగు గిగాబైట్లకు పైని భౌతిక అడ్రసులను వాడకుండ అదే సర్వీస్ ప్యాక్ నిలిపివేసినది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేయు మార్క్ రుసినోవిచ్ 2008లో దీనికి కారణమును వివరించెను: సర్వర్లలో కానరాని, ఇండ్ల కంప్యూటర్లలో మాత్రమే యుండు వీడియో, ఆడియో పరికరముల డ్రైవర్లు నాలుగు గిగాబైట్లకు మించిన అడ్రసు వచ్చునని యెన్నడు తలపక వ్రాయబడినవి, అట్టి అడ్రసును ఇచ్చినచో యంత్రము స్తంభించుటయో కూలిపోవుటయో జరుగుచుండెను. ఈ భయము కల్పితము కాదు. ముప్పదియారు బిట్ల అడ్రసును డ్రైవరు ముప్పదిరెండుకు కుదించినచో, సౌండ్ కార్డు నుండి రావలసిన ధ్వని ఎవరి ఉత్తరమున్న పేజీ మీదనో, ఏ కెర్నెలు పట్టిక మీదనో వ్రాయబడును.

అయినను కథలో రెండవ పార్శ్వము కలదు. జెఫ్ చాపెల్ అను పరిశోధకుడు విండోస్ విస్టా కెర్నెలును పరిశీలించి, నాలుగు గిగాబైట్లకు పైని మెమరీని వాడుటకు కావలసిన కోడ్ అందు ఉండనే యున్నదనియు, లైసెన్సు వివరములలో నిక్షిప్తమైన ఒక సంఖ్యయే దానిని ఆపుచున్నదనియు చూపెను. ఈ రెండు వాదములును పరస్పరము ఖండించుకొనునవి కావు. డ్రైవర్ల భయము నిజము. దానిని తీర్చుటకు లైసెన్సు సంఖ్యను సాధనముగా నెన్నుకొనుటయు నిజము. వినియోగదారుల భద్రతకై గీచిన గీత అని చెప్పినను నాకు అభ్యంతరము లేదు. కాని ఆ గీత యున్నదని పెట్టెమీదనే, వెల చెల్లింపక మునుపే, అందరికి అర్థమగు మాటలలో చెప్పవలసి యుండెను. విస్టా మొదటి సర్వీస్ ప్యాక్ నుండి తెరపై 'బిగించిన మెమరీ' ఇంతయని చూపుట మొదలుపెట్టిరి. విండోస్ 7లో 'ఇందు వినియోగమునకు వచ్చునది ఇంత' యని ప్రక్కనే చేర్చిరి. ఆలస్యమైనను అది న్యాయమైన మార్పు. కెర్నెలునే కోసి ఆ సంఖ్యను మార్చు ప్యాచ్‌లు ఇంటర్‌నెట్‌లో కలవు. వానిని నేను సిఫారసు చేయను: లైసెన్సు ఒప్పందమును మీరుట యొకటి, ఏ డ్రైవరు ఎప్పుడు చెడునో తెలియకపోవుట మరియొకటి.

ఒప్పందమును మీరక, కెర్నెలును తాకక, ఆ పైమెమరీని వాడుకొను మార్గము ర్యామ్ డిస్కు. గావోట్ ర్యామ్‌డిస్క్ అను ఉచిత డ్రైవరును, ప్రైమో ర్యామ్‌డిస్క్ అను వాణిజ్య సాఫ్ట్‌వేరును ఇందు ప్రసిద్ధములు. రెండవది ఈ పైమెమరీని 'అదృశ్య మెమరీ' యని స్పష్టముగా పేర్కొనును. విండోస్ తాకక విడిచిన భౌతిక అడ్రసులను డ్రైవరు స్వయముగా నిర్వహించును. ఎవరైనను ఆ డిస్కులో ఒక ఫైలును కోరినపుడు, కావలసిన పైపేజీని కెర్నెలు అడ్రసులలో నొక చిన్న కిటికీకి తాత్కాలికముగా అతికించి, అందలి బైట్లను క్రింది మెమరీకి నకలు చేసి, కిటికీని మరల ఖాళీ చేయును. 1985 నాటి లిమ్ పద్ధతియు, 1984 నాటి విడిస్క్ యుక్తియు ఇచ్చట ఏకమైనవి. మిగిలిన డ్రైవర్లకు పెద్ద అడ్రసు ఎన్నడును కానరాదు గావున రుసినోవిచ్ చెప్పిన ప్రమాదము చాలవరకు తప్పును. పెద్ద డేటాబేసులకై విండోస్ సర్వర్లలో మైక్రోసాఫ్ట్ వారే కల్పించిన ఏ.డబ్ల్యు.ఇ. సౌకర్యమును ఇట్టి కిటికీ పద్ధతియే, ఎస్.క్యు.ఎల్. సర్వరు దానిని వాడుకొన్నది.

ఇట్లు చేసికొన్న డిస్కు మిక్కిలి వేగవంతమైనది. తిరుగు హార్డ్ డిస్కు కోరిన చోటికి తన ముల్లును చేర్చుకొనుటకు సుమారు సెకనులో నూరవ వంతు పట్టును. ర్యామ్ సెకనులో కోటవ వంతునకు లోపుననే బదులు చెప్పును. ఆ డిస్కులో నేమి యుంచవలెను? పోయినను విచారింపనక్కరలేని వానిని: బ్రౌజరు దాచుకొను క్యాషె, ప్రోగ్రాములు పనిచేయుచు సృష్టించి విడుచు టెంపరరీ ఫైళ్లు, ఫోటోషాప్ వంటివి వాడుకొను స్క్రాచ్ స్థలము, పెద్ద జిప్ ఫైలును విప్పుకొను తావు. వీనికన్న మేలైన వాడుక పేజ్ ఫైలును అచ్చట నుంచుట. విండోస్‌నకు మెమరీ చాలనపుడు అంతగా వాడని పేజీలను డిస్కులోని పేజ్ ఫైలునకు పంపును; ఆ డిస్కు పైమెమరీలో నున్నదైనచో, తానెరుగని ర్యామునే విండోస్ డిస్కు పేరిట వాడుకొన్నదగును. ఇందొక హెచ్చరిక కలదు. ర్యామ్ డిస్కును విండోస్ ఎరిగిన మెమరీలోనే సృష్టించి, దానిలో పేజ్ ఫైలును పెట్టువారు కొందరు కలరు. అది అర్థరహితము, ఏలయనగా విండోస్ చేతి నుండి మెమరీని లాగికొని, అది చాలలేదని విండోస్ వాపోయినపుడు దానినే తిరిగి యిచ్చినట్లగును. ఈ ప్రయోగమంతయు అదృశ్యమెమరీ ఉన్నచోటనే సార్థకము.

దీనిచే ఏది సాధ్యము కాదో కూడ చెప్పవలెను. ముప్పదిరెండు బిట్ల విండోస్‌లో ప్రతి ప్రోగ్రామునకు సాధారణముగా రెండు గిగాబైట్ల అడ్రసులే లభించును. మిగిలిన రెండును కెర్నెలువి. ర్యామ్ డిస్కు ఆ హద్దును మార్చదు. అనేక ప్రోగ్రాములను ఒకేసారి నడపువానికి మేలు కలుగును. ఒకే మహాప్రోగ్రామును నడపువానికి కలుగదు.

ప్రమాదములలో మొదటిది మన ఊళ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు: కరెంటు పోయినచో ర్యామ్ డిస్కులోని సమస్తమును పోవును. యు.పి.ఎస్. ఉన్నను, అచ్చువేయవలసిన పుస్తకమును, ఆడిట్ లెక్కలను అందుంచరాదు. షట్‌డౌన్ చేయునపుడు ఆ డిస్కును ఇమేజ్ ఫైలుగా దాచి, మరల తెరచునపుడు నింపు సౌకర్యము కొన్ని సాఫ్ట్‌వేర్లలో కలదు. అది తలుపు మూసి వెళ్లువానికి రక్షణయే గాని హఠాత్తుగా కరెంటు పోయినవానికి కాదు. రెండవది హైబర్నేషన్. ఆ సమయమున విండోస్ తానెరిగిన మెమరీని మాత్రమే హార్డ్ డిస్కున వ్రాసి యంత్రమును ఆపును. తానెరుగని పైమెమరీని వ్రాయదు. మేల్కొన్నపుడు ర్యామ్ డిస్కు చెడియుండును; అందు పేజ్ ఫైలు ఉన్నచో విండోసే కూలిపోవచ్చును. కావున ఈ పద్ధతి నవలంబించువారు హైబర్నేషనును నిలిపివేయుట మంచిది. మూడవది, బయోస్‌గాని గ్రాఫిక్స్ చిప్పుగాని అదే పైభాగమును తమ పనికి గ్రహించియున్నచో, డ్రైవరు దానిని ఖాళీయని భ్రమించి వ్రాయుట. కొత్తగా అమర్చినపుడు పెద్ద ఫైళ్లను అందునకు నకలు చేసి, మూలముతో సరిపోల్చి చూచి, ఆ తరువాతనే నమ్మవలెను.

అరువదినాలుగు బిట్ల విండోస్ ఉండగా ఇంత శ్రమ యెందుకని పాఠకులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 2003 ఏప్రిల్‌లో ఏ.ఎమ్.డి. వారి ఆప్టెరాన్ ప్రాసెసరుతో ఆ యుగము ఆరంభమైనది. నలుబదియెనిమిది బిట్ల అడ్రసులచే 256 టెరాబైట్ల పరిధి ప్రోగ్రాములకు గోచరమైనది. మారగలవారందరును మారుటయే ఉత్తమము. అందు సందేహము లేదు. కాని మారజాలనివారు కలరు. అరువదినాలుగు బిట్ల విండోస్‌లో పదునారు బిట్ల పాత ప్రోగ్రాములు నడువవు; ముప్పదిరెండు బిట్ల డ్రైవర్లు పనిచేయవు. తెలుగు పట్టణములలోని డి.టి.పి. కేంద్రములను చూడుడు. పేజ్‌మేకర్ అను పుటల కూర్పు సాఫ్ట్‌వేరులో 'అను' ఫాంట్లతో కూర్చిన శుభలేఖలు, కరపత్రములు, శతకములు, స్థలపురాణములు ఏండ్ల తరబడి అచ్చట పేరుకొనియున్నవి. 2001లో వచ్చిన 7.0 తరువాత పేజ్‌మేకర్‌కు మరియొక పెద్ద సంచిక రానేలేదు. ఆ ఫైళ్లను, వానితోపాటు దృఢముగా పనిచేయుచున్న ఒక పాత లేజర్ ప్రింటరును విడువలేక ముప్పదిరెండు బిట్ల యంత్రమునే కాపాడుకొనువాడు మూర్ఖుడు కాడు; తన వృత్తిని కాపాడుకొనుచున్నాడు. అట్టివాని యంత్రమున నిద్రించుచున్న ముప్పాతిక గిగాబైటును మేల్కొలుపుట సార్థకమైన పనియే.

అరువదినాలుగు బిట్లలోనికి పోయినంత మాత్రమున కట్టుబాట్లు తీరినవనుకొనరాదు. విండోస్ 7లో హోమ్ బేసిక్ ఎనిమిది, హోమ్ ప్రీమియం పదునారు గిగాబైట్ల వద్ద ఆగును. ప్రొఫెషనల్ 192 వరకు పోవును. ప్రాసెసరొకటే, కెర్నెలొకటే, భేదము వెలలో నున్నది. నేటి ఫోన్ల ప్రకటనలలో కానవచ్చు 'ఎనిమిది, మరియొక ఎనిమిది గిగాబైట్ల ర్యామ్' అను మాటయు పరీక్షింపదగినది. రెండవ ఎనిమిది ర్యామ్ కాదు. ఫోనులోని స్టోరేజి నుండి కోసి యిచ్చిన పేజ్ ఫైలు. ర్యామును డిస్కుగా మార్చుట వేగమును పెంచును. స్టోరేజిని ర్యామని పిలుచుట వేగమును పెంచదు, వెనుకనున్న ప్రోగ్రాములు మూతపడకుండ మాత్రము కొంత తోడ్పడును. ఈ రెంటికిని భేదము చెప్పి అమ్ముట అమ్మువాని ధర్మము.

2021లో వచ్చిన విండోస్ 11నకు ముప్పదిరెండు బిట్ల సంచిక లేదు. విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కనుక పాత యంత్రమును పని కొరకు నిలుపుకొనువారు దానిని ఇంటర్‌నెట్‌నకు దూరముగా నుంచుట క్షేమము. పాతదానికైనను కొత్తదానికైనను మెమరీ కొనదలచినవారు మూడు సంగతులు విచారింపుడు: మదర్‌బోర్డు చిప్‌సెట్ ఎంతవరకు అడ్రసులను ఎరుగునో, బయోస్‌లో రీమ్యాపింగ్ కలదో లేదో, మీ విండోస్ సంచిక ఎన్ని గిగాబైట్ల వద్ద ఆగునో. ఇవి తెలిసికొనిన పిదపనే దుకాణమునకు పొండు.